భక్త రామదాసు

గోలకొండ కోటలో బాలాహిస్సారు శిఖరమునకు ఎక్కిపోవు త్రోవలో ఒక పెద్ద రాతి కట్టడము కలదు. దాని గోడలు మిక్కిలి దళమైనవి. ఎండలో నడచి వచ్చి లోపల అడుగిడిన వారికి మొదట చీకటి తప్ప మఱేమియు కానరాదు. పైనుండి జారు కొలది వెలుతురునకు కన్నులు అలవాటుపడిన పిమ్మట గోడపై మలచిన కొన్ని మూర్తులు కనబడును. అవి శిల్పశాస్త్రము నేర్చిన చేతులు చెక్కిన బొమ్మలు కావు. సీతారామలక్ష్మణులును, ఆంజనేయుడును ఆ మొరటు రాతిమీద నిలిచియున్నారు. ఒక ఖైదీ తన ఒంటరితనములో వానిని మలచుకొని పూజించెనని అచటివారు చూపరులకు చెప్పుదురు. ఆ ఖైదీ దొంగ కాడు, హంతకుడు కాడు, ఆ రాజ్యమునకే పన్నులు వసూలు చేసి పంపిన ఉద్యోగి. తెలుగువారు ఇంటింట పాడుకొను రామదాసు కీర్తనలు ఆయన రచించినవే.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. ఆయన 17వ శతాబ్దమున నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి గ్రామమున జన్మించెను. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. వారిది నియోగి బ్రాహ్మణ కుటుంబము. చదువు, లెక్కలు, వ్రాతకోతలు ఆ కుటుంబములలో తరతరములుగా వచ్చు విద్యలు. గోపన్న ఆ విద్యలతో పాటు రామభక్తిని కూడ చిన్ననాటనే అలవరచుకొనెను. ఉత్తరదేశపు భక్తుడైన కబీరుదాసు వచ్చి ఆయనకు తారకమంత్రము నుపదేశించెనని ఒక కథ ప్రచారములో నున్నది. కాని కబీరు గోపన్నకు చాలకాలము ముందే గతించినవాడు. గోపన్న తన శతకములో గురువుగా స్మరించినది రఘునాథ భట్టరును. అయినను ఆ కథ ఊరక పుట్టలేదు. రాముడని పిలిచినను, మఱియొక పేర పిలిచినను దైవ మొక్కటియే యని నమ్మిన జనులు, ఆ మాటను చాటిన కబీరును రామదాసుతో జత కూర్చి తృప్తి నొందిరి.

ఆ కాలమున తెలుగుదేశములో పెద్దభాగము గోలకొండ కుతుబుషాహీ ప్రభువుల యేలుబడిలో నుండెను. 1672లో అబుల్ హసన్ సింహాసన మెక్కెను. ప్రజలు ఆయనను తానీషా యని పిలిచిరి. 1674లో మాదన్న ఆయనకు ప్రధానమంత్రి యయ్యెను. మాదన్న సోదరుడగు అక్కన్నయు ఉన్నతపదవిలో నుండెను. గోపన్న ఈ యన్నదమ్ములకు మేనల్లుడని పరంపరగా చెప్పుదురు. లెక్కలయందు నేర్పు, నడవడియందు నిజాయితీ గల గోపన్నకు పాల్వంచ పరగణా తహశీలుదారు పదవి లభించెను.

తహశీలుదారు పని సులభమైనది కాదు. పంటలు చేతికి వచ్చు వేళకు ఊరూర తిరిగి శిస్తు వసూలు చేయవలెను. వసూలైన సొమ్మునకు పైసాతో సహా లెక్క వ్రాసి, గోలకొండ బొక్కసమునకు పంపవలెను. ఆ సొమ్ము రాజుది. అందులో తహశీలుదారునకు స్వాతంత్ర్యము లేదు. ఈ సంగతి గోపన్నకు తెలియనిది కాదు. ఆయన జీవితములోని కష్టము ఇచటినుండియే ఆరంభమాయెను.

ఆ పరగణాలో గోదావరీ తీరమున భద్రాచల మను కొండ కలదు. భద్రుడను మహర్షి అచట తపస్సు చేసి శ్రీరాముని మెప్పించెననియు, ఆయన కొఱకు రాముడు శంఖచక్రములు ధరించి, సీతను తొడపై నుంచుకొని సాక్షాత్కరించెననియు స్థలపురాణము చెప్పును. కాలక్రమమున ఆ మూర్తులు పుట్టలో మఱుగుపడెను. పోకల దమ్మక్క యను భక్తురాలు వానిని కనుగొనెను. ఆమె ధనవంతురాలు కాదు. ఆకులతోను, కఱ్ఱలతోను ఒక పందిరి వేసి, అడవిలో దొరకు తాటిపండ్లను నివేదించుచు ఆ దైవమును కొలుచుచుండెను.

గోపన్న భద్రాచలమునకు వచ్చినపుడు ఈ పందిరిని చూచెను. వానకు తడియుచు, ఎండకు ఎండుచు నున్న తన యిష్టదైవమును చూచి ఆయన మనసు కరగెను. ఆలయము కట్టింపవలెనని ఆయన ఆ క్షణముననే నిశ్చయించుకొనెను. ప్రజలును సంతోషముతో చందాలు వేసుకొనిరి. కాని తలపెట్టిన పని పెద్దది. పోగైన సొమ్ము చిన్నది. పంటలు పండిన వెంటనే మఱికొంత ఇత్తుమని రైతులు మాట యిచ్చిరట. ఆ మాటను నమ్ముకొని గోపన్న తన చేతిలో నున్న శిస్తు సొమ్మును ఆలయమునకు వెచ్చించెను.

పని సాగెను. గర్భాలయము లేచెను, మండపము వెలసెను, చుట్టును ప్రాకారము కట్టబడెను. శిఖరముపై నిలుపుటకు తగిన సుదర్శనచక్రము ఎంత ప్రయత్నించినను సిద్ధము కాకపోగా, స్వప్నములో రాముని యాజ్ఞ నంది, గోపన్న గోదావరిలో వెదకి దానిని పొందెనని భక్తులు చెప్పుకొందురు. ఆలయముతో ఆయన తృప్తి నొందలేదు. సీతమ్మకు చింతాకు పతకము, రామునకు కలికితురాయి, భరతునకు పచ్చల పతకము, లక్ష్మణశత్రుఘ్నులకు తగిన సొమ్ములు చేయించెను. తన యింటిలోని బిడ్డలకు పెండ్లి సొమ్ములు చేయించు తండ్రివలె ఒక్కొక్కటియు చూచి చూచి మురిసెను. ఇట్లు వెచ్చించిన ధనము 6 లక్షలని పరంపరగా చెప్పుచున్నారు.

వార్త గోలకొండకు చేరెను. రావలసిన శిస్తు రాలేదు. లెక్క అడిగినచో ఆలయము చూపబడుచున్నది. తానీషాకు ఆగ్రహము కలుగుట వింత కాదు. ఏ రాజ్యమునకైనను బొక్కసమే ప్రాణము. పైగా అవి గోలకొండకు మంచిదినములు కావు. ఉత్తరమునుండి ఔరంగజేబు ఈ రాజ్యమును కబళింప కాచుకొని యుండెను. ఇట్టి సమయమున ఒక ఉద్యోగి తన యిచ్చవచ్చినట్లు రాజధనమును వెచ్చించిన యెడల ఊరకుండు ప్రభువు అరుదు. గోపన్న ఆ ధనములో ఒక్క కాసైనను తన యింటికి వాడుకొనలేదు, చేసిన పనిని దాచలేదు, తప్పించుకొని పారిపోలేదు. కాని సొమ్ము తనది కాదనుట కూడ సత్యమే. భక్తి గొప్పదే, లెక్కయు గొప్పదే. ఈ రెంటి నడుమ చిక్కిన గోపన్నకు సంకెళ్లు తప్పలేదు.

ఆయనను గోలకొండకు కొనిపోయి చెఱలో వేసిరి. సొమ్ము చెల్లించువఱకు విడుదల లేదని ఆజ్ఞ యాయెను. 6 లక్షలు చెల్లించుట గోపన్నకు ఈ జన్మలో సాధ్యము కాని పని. ఉన్న ఆస్తి నంతయు అమ్మినను అందులో ఒక మూలకు చాలదు. బంధువులు మంత్రిపదవిలో నున్నను ఆయనకు విడుదల కలుగలేదు. మాట యిచ్చిన రైతులు దూరమున నుండిరి. కొరడాదెబ్బలు మాత్రము దగ్గరగా నుండెను. నిన్నటివఱకు పల్లకిలో తిరిగిన తహశీలుదారు నేడు చీకటికొట్టులో తినుటకు తిండియు, కప్పుకొనుటకు బట్టయు కఱవై నేలమీద పడియుండెను. ఒక దినము కాదు, ఒక నెల కాదు. 12 సంవత్సరములు ఇట్లు గడచెనని చెప్పుదురు.

మనుష్యుల వలన కలుగు సహాయము లన్నియు ఒక్కొక్కటిగా తీరిపోయిన పిమ్మట గోపన్నకు రాముడొక్కడే మిగిలెను. ఆయన రామునితో మాటాడ నారంభించెను. ఆ మాటలే కీర్తనలు. వానిని వరుసగా వినినచో ఒక మనుష్యుని హృదయము ఆపదలో ఎన్ని విధముల పరితపించునో మనకు తెలియును.

మొదట ఆయన రామనామపు రుచిని కొనియాడెను. లోకములోని తీపివస్తువు లేవియు ఆ నామమునకు సాటి రావని పాడుచు తన బాధను మఱచుటకు యత్నించెను. దినములు గడచెను, తలుపు తెఱవబడలేదు. అపుడు ఆయనకు సందేహము కలిగెను. పిలిచినను పలుకని రాముని చూచి, మాట యింత ప్రియమైపోయెనా యని నిష్ఠూరమాడెను. సేతువు కట్టునాడు ఇసుకలో పొర్లి సాయపడిన ఉడుతను సైతము కరుణించిన ప్రభువు తన నేల మఱచెనని అడిగెను. ఉడుత చేసినది ఎంత? తాను కట్టించిన గుడి ఎంత? అయినను రాముని దయ ఉడుతకు దక్కెను, తనకు దక్కలేదు.

పిమ్మట ఆయన సీతమ్మను ఆశ్రయించెను. తండ్రి కోపమునకు జంకు పిల్లవాడు తల్లి కొంగు చాటున చేరి, నాయనతో నీవైన చెప్పుమని వేడుకొను నట్లు, రాముడు సంతోషముగా నున్న వేళ చూచి తన మాట చెవిని వేయుమని ఆ తల్లిని ప్రార్థించెను. తెలుగు తల్లులు నేటికిని ఆ పాటను పాడుకొనుచున్నారు. అందులో పాండిత్యపు పటాటోపము లేదు. ఇంటిలో పిల్లలు మాటాడు భాషయే కలదు.

తల్లి వలన కూడ జవాబు రాలేదు. దెబ్బలు మాత్రము ఆగలేదు. అపుడు గోపన్నలోని తహశీలుదారు మేల్కొనెను. ఆయన రాముని యెదుట లెక్కలు విప్పెను. ప్రాకారమున కెంత పట్టెనో, పతకమున కెంత పట్టెనో, తురాయి కెంత పట్టెనో పద్దు వెంబడి పద్దు చదివి, ఇవి యెవరి కొఱకు చేయించితినో చెప్పుమని నిలదీసెను. ఎవరి యబ్బ సొమ్మని ఇట్లు కులుకుచున్నావని రాముని తిట్టెను. భక్తుడు తన దైవమును ఇంత పరుషముగా ప్రశ్నించిన ఘట్టములు అరుదు. కాని ఆ పాట అంతటితో ముగియలేదు. తిట్టు నోట వెలువడిన వెంటనే ఆయన హృదయము తల్లడిల్లెను. దెబ్బల కోర్వలేక తిట్టితిని గాని, దీనికి నొచ్చుకొనవలదని ఆ పాటలోనే రాముని బ్రతిమాలుకొనెను. అపరాధము చేసి తండ్రి పాదములపై బడిన కుమారునివలె కన్నీరు కార్చెను.

ఇచటనే గోపన్న గొప్పదనము కలదు. దైవమును నమ్ముట యనగా బాధ లేనట్లు నటించుట కాదు. గోపన్నకు దెబ్బలు బాధించెను, ఆకలి బాధించెను, రాముని మౌనము అన్నింటికంటె ఎక్కువగా బాధించెను. ఆ బాధ నాయన దాచుకొనలేదు. ప్రార్థించెను, ఏడ్చెను, అలిగెను, తిట్టెను, క్షమింపుమని వేడుకొనెను. కాని ఆ మాట లన్నియు రామునితోనే పలికెను. ఎదుట ఎవరును లేరని తలచినవాడు అలుగడు. తన్ను వినువాడు కలడని నమ్మినవాడే అలుగును. 12 ఏండ్ల చీకటిలో గోపన్న పలుకరింపు మానలేదు. రాముడొక్కడు తనకు తోడుగా నుండగా కొఱత యేమని ధైర్యముతో పాడినదియు ఆయనయే. తనపై నీవు ఏ తీరున దయ చూపుదువో యని దీనముగా పాడినదియు ఆయనయే. ఒకే గుండెలో ఆ ధైర్యము, ఈ దైన్యము రెండును ఇమిడి యుండెను.

ఆయన విడుదలను గూర్చి తెలుగునాట ఒక మనోహరమైన గాథ కలదు. ఒక రాత్రి తానీషా శయనమందిరమున ఇద్దఱు యువకులు ప్రత్యక్షమైరి. వారు తాము గోపన్న సేవకులమనియు, తమ పేర్లు రామోజీ, లక్ష్మోజీ యనియు చెప్పి, బాకీ యున్న 6 లక్షల మాడలను ఆయన యెదుట కుప్పగా పోసిరి. సొమ్ము ముట్టినట్లు రశీదు వ్రాయించుకొనిరి. దానిని చెఱసాలలో నిద్రించుచున్న గోపన్న చెంత నుంచి అదృశ్యులైరి. తెల్లవాఱిన పిమ్మట తానీషా ఆ మాడలను పరీక్షించెను. వానిపై రాముని ముద్ర యుండెను. వచ్చినవారు సామాన్యులు కారని గ్రహించి, ఆయన తానే చెఱసాలకు వచ్చి, గోపన్న సంకెళ్లు తీయించి, క్షమింపుమని కోరెను.

తనకు విడుదల కలిగెనని విని గోపన్న సంతోషింపవలసినది. కాని ఆయన విలపించెనని గాథ చెప్పును. పండ్రెండేండ్లు పిలిచిన తనకు కనబడని రాముడు, తన్ను చెఱలో వేసిన తానీషాకు కనబడెను గదా యని ఆయన దుఃఖించెను. తనకు దక్కినది ఒక రశీదు మాత్రమే. తానీషా ఆ ధనమును తిరిగి ఇవ్వబోగా గోపన్న దానిని అంగీకరింపక, గుర్తుగా రెండు మాడలను మాత్రము తీసికొనెనట. అవి యివియే యని భద్రాచలములో నేటికిని భక్తులకు చూపుచున్నారు.

ఇది భక్తులు తరతరములుగా చెప్పుకొను గాథ. ఇందలి సారము గ్రహింపదగినది. గోపన్న కోరిన సహాయము ఆయన కోరిన వేళ రాలేదు. కోరిన రూపమునను రాలేదు. వచ్చినపుడు ఆయన నిద్రలో నుండెను. తన కన్నులకు కనబడకున్నను తన పని జరిగెనని నమ్ముటయే ఆయనకు మిగిలిన భాగ్యము. దైవసహాయము నపేక్షించు వారికి ఇంతకంటె కఠినమైన పాఠము లేదు.

చెఱ వీడిన గోపన్న భద్రాచలము చేరి రామసేవలో శేషజీవితము గడపెను. రామునకు దాసుడు గనుక జనులు ఆయనను రామదాసు అనిరి. ఆయన దాశరథీ శతకము తెలుగు శతకములలో ప్రసిద్ధమైనది. నాటి పిల్లలు పెద్దబాలశిక్షతో పాటు దాని పద్యములను కంఠస్థము చేయుచుండిరి.

గోలకొండ రాజ్యము పిమ్మట ఎంతోకాలము నిలువలేదు. 1686లో అక్కన్నమాదన్నలు హైదరాబాదు వీథిలో దారుణముగా హత్య చేయబడిరి. 1687లో ఔరంగజేబు సైన్యము నెలల తరబడి ముట్టడించి గోలకొండ కోటను పట్టుకొనెను. తానీషాను బందీగా కొనిపోయి దౌలతాబాదు కోటలో నుంచిరి. ఆయన మరల తన రాజ్యమును చూడలేదు. ఆ చెఱలోనే మరణించెను. ఒకనాడు గోపన్నను బంధించిన ప్రభువే తుదకు ఖైదీ యయ్యెను. ఆయన కోట శిథిలమై నిలిచెను. ఆయన ఖైదీ పాడిన పాటలు శిథిలము కాలేదు.

కాని తానీషాను తెలుగువారు శత్రువుగా తలంపరు. భద్రాచల రాముని కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారమును ఆయనయే ఏర్పఱచెనని చెప్పి కృతజ్ఞతతో స్మరింతురు. పిమ్మట హైదరాబాదు నిజాము ప్రభువులు ఆ యాచారమును పాటించిరి. నేటికిని శ్రీరామనవమి నాడు ప్రభుత్వము పక్షమున పట్టువస్త్రములును, ముత్యాల తలంబ్రాలును ఆ స్వామికి సమర్పించుచున్నారు. ఒక ముసల్మాను ప్రభువు పేర ఆరంభమైన మర్యాద హిందూదేవుని పెండ్లిలో ఇట్లు నిలిచియుండుట మన దేశమునకు శోభ గూర్చు విషయము.

రామదాసు చూపిన త్రోవను పిమ్మటి భక్తులు అనుసరించిరి. తూము నరసింహదాసు 19వ శతాబ్దపు తొలిదినములలో భద్రాచలమునకు వచ్చి, సన్నగిల్లిన సేవలను మరల చక్కబఱచెను. తమిళదేశమున తిరువాయూరులో నివసించిన త్యాగరాజు తన కీర్తనలో రామదాసు చెఱను, దాని విడుదలను స్మరించి, అట్లే తన్నును కాపాడుమని రాముని వేడుకొనెను. ఒకని కష్టము మఱియొకనికి ధైర్యము కలిగించుట యనిన ఇదియే. నేలకొండపల్లిలో ఆయన పేర ధ్యానమందిరము వెలసినది.

నేడు గోలకొండ కోటను చూడబోవువారు ఆ చీకటిగదిలో కొంతసేపు నిలిచి, గోడమీది మూర్తులను చూచి వచ్చుచున్నారు. ఆ గోడ నొకనాడు రాజు ఖైదీని బంధించుటకు వాడెను. ఖైదీ దానినే దేవాలయముగా మార్చుకొనెను. గోడలను కూల్చు బలము గోపన్నకు లేదు. వానిమీద తన దైవమును నిలుపుకొను బలము మాత్రము కలదు. ఆ బలముతోనే ఆయన 12 సంవత్సరముల రాత్రిని దాటెను.